కోచ్ మారిండు.. కింద నేల మారలె

2022 మార్చి 20, ఆదివారం. హోళీ అయిపోయి రెండు రోజులైంది, గోర్ల సందుల రంగు ఇంకా పోలె. మా ఊరి కిరాణ దుకాణం ముంగటి అరుగు మీద నలుగురం కూసొని ఒక్క ఫోన్‌ల మ్యాచ్ చూస్తున్నం. క్రికెట్ కాదు, ఫుట్‌బాల్. ఐఎస్ఎల్ ఫైనల్. ఒక దిక్కు కేరళ బ్లాస్టర్స్, ఇంకో దిక్కు మన హైదరాబాద్ ఎఫ్‌సీ. మ్యాచ్ గోవాల, ఫతోర్దా స్టేడియంల.

68వ నిమిషంల కేరళోళ్లు గోల్ కొట్టిన్రు. మా దోస్తు ఒకడు లేసి పోయిండు, ‘ఇగ అయిపోయింది తీయ్’ అనుకుంట. 88వ నిమిషంల సాహిల్ తవోరా దూరంకెల్లి తన్నిండు. గోల్! 1-1. పోయినోడు ఉరికొచ్చిండు. పెనాల్టీల దాంక పోయింది. మన గోల్ కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి మూడు ఆపిండు. 3-1 తోని కప్పు మనది. ఆ పొద్దు మేం అరిసిన అరుపుకు కుక్కలు ఉరికినయ్.

ఆ జట్టును గెలిపించిన కోచ్ పేరు మనోలో మార్కెజ్. స్పెయిన్ దేశపాయన. నేను ఇయ్యాల ఆయన ముచ్చటే చెప్తున్న. ఎందుకంటే రెండేండ్లు తిరగంగనే గదే మనిషి ఇండియా టీమ్ కోచ్ అయిండు. ఎనిమిది మ్యాచులు ఆడిపిస్తె ఒక్కటే గెలిచిండు. ఏడాది నిండకముందే బయటకొచ్చిండు. తెలివి గదే, పద్ధతి గదే, మనిషి గదే. మరి ఒక కాడ కప్పు ఎట్ల వచ్చింది, ఇంకో కాడ ఎందుకు రాలె? ఈ ఒక్క ప్రశ్నకు జవాబు దొరికితె మన దేశంల ఫుట్‌బాల్ ఎందుకు కింద పడ్డదో సగం అర్థమైతది. మన ఊర్లల్ల బంతి తన్నే పోరగాళ్ల బతుకు ఎందుకు ముందట పడ్తలేదో గూడ అర్థమైతది.

పెద్ద ఆటగాడు కాదు, గని మంచి కోచ్

స్పెయిన్ కోచ్ అనంగనే మనకు పెప్ గార్డియోలా యాదికొస్తడు. లేకపోతె షాబి అలోన్సో. వాళ్లు ఆటగాళ్లుగనే దునియాను ఏలినోళ్లు. ఒకాయన ఒలింపిక్స్‌ల బంగారు పతకం గెలిచిండు, ఇంకొకాయన ప్రపంచ కప్పే గెలిచిండు. మార్కెజ్ గసుంటోడు కాదు. 1968ల బార్సిలోనాల పుట్టిండు. ఆట ఆడిండు గని కింది లీగులల్లనే. స్పెయిన్‌ల అందరికంటె పెద్ద లీగ్ అయిన లా లిగాల ఆటగాడిగ ఒక్క మ్యాచ్ గూడ ఆడలె.

మన దగ్గరైతె గసుంటోనికి పెద్ద టీమ్ కోచ్ కొలువు ఎవ్వలిస్తరు? ‘నువ్వేం ఆడినవని చెప్పొస్తున్నవ్’ అంటరు. స్పెయిన్‌ల అట్ల లేదు. అక్కడ పై లీగ్ కింద ఇంకో లీగ్, దాని కింద ఇంకోటి, ఆఖరుకు జిల్లా స్థాయి దాంక నిచ్చెన మెట్ల లెక్క లీగులుంటయ్. గెలిస్తె పైకి, ఓడితె కిందికి. ఆటగాడు ఎక్కినట్టే కోచ్ గూడ ఆ మెట్లు ఎక్కుకుంట రావొచ్చు. మార్కెజ్ గట్లనే ఎక్కిండు. బార్సిలోనా చుట్టుపక్కల ఉన్న యూరోపా, బడలోనా, ప్రాట్ అసుంటి చిన్న క్లబ్బులు. తర్వాత ఎస్పాన్యోల్ క్లబ్బు రెండో జట్టు. అటెన్క కానరీ దీవులల్ల ఉన్న లాస్ పాల్మాస్ క్లబ్బు రెండో జట్టు. అక్కడ బాగ చేసిండని 2017ల అదే క్లబ్బు పెద్ద జట్టును ఆయన చేతుల పెట్టిన్రు. అంటె ఆటగాడిగ పోలేని లా లిగాకు, 48 ఏండ్ల వయసుల కోచ్‌గ పోయిండు.

గని అక్కడ ఆరు మ్యాచులే. రెండు గెలిచి నాలుగు ఓడిన్రు. సెప్టెంబర్ల ఆయనే రాజీనామా ఇచ్చి బయటకొచ్చిండు. తర్వాత ఏమైందో జర సూడున్రి. ఆ క్లబ్బు ఇంకొక కోచ్‌ను తెచ్చింది. ఆయనను గూడ కొన్ని వారాలకే తీసేసి మల్లొకాయనను తెచ్చింది. అంతమంది మారినా సీజన్ ఆఖరుకు లాస్ పాల్మాస్ కింది లీగ్‌కు పడిపోయింది. రోగం కోచ్‌ల లేదు, క్లబ్బులనే ఉన్నదని అప్పుడే తేలింది. ఈ ముచ్చట యాది పెట్టుకోన్రి, ముంగట పనికొస్తది.

అటెన్క క్రొయేషియాల కొన్నొద్దులు, థాయ్‌లాండ్‌ల కొన్నొద్దులు పనిచేసిండు. 2020 ఆగస్టుల, కరోనా మస్తుగ ఉన్న కాలంల, హైదరాబాద్ ఎఫ్‌సీ పిలిచింది. అంతకుముందు కోచ్‌గ ఉన్న ఆల్బర్ట్ రోకాకు బార్సిలోనా క్లబ్బుల కొలువు దొరికితె ఆయన పోయిండు. ఆ ఖాళీల మార్కెజ్ వచ్చిండు.

అట్టడుగుకెల్లి కప్పు దాంక

ఆయన వచ్చేటాలకు హైదరాబాద్ ఎఫ్‌సీ హాల్ ఎట్లున్నదంటె, అంతకుముందు సీజన్ 2019-20ల 18 మ్యాచులు ఆడి 10 పాయింట్లే తెచ్చుకున్నది. లీగ్‌ల ఆఖరి జాగ. మార్కెజ్ మొదటి సీజన్‌ల అయిదో జాగకు వచ్చింది. రెండో సీజన్‌ల లీగ్ పట్టికల రెండో జాగ, మీదికెల్లి కప్పు. మూడో సీజన్‌ల 42 పాయింట్లతోని మల్ల రెండో జాగ.

ఇది ఎట్లయిందో ఆ మ్యాచులు చూసినోళ్లకు ఎరుకే. పెద్ద పేరున్నోళ్లను పైసలు పోసి కొనుడు కాదు. ఆకాశ్ మిశ్రా, ఆశిష్ రాయ్ అసుంటి ఇరవై ఏండ్ల పోరగాళ్లను డిఫెన్స్‌ల రెండు పక్కల నిలబెట్టి, బంతి దొరకంగనే ముందుకు ఉరకమన్నడు. వేరే క్లబ్బుల ఎక్కువ అవకాశాలు దొరకని లిస్టన్ కొలాసోకు వరుసగ మ్యాచులిచ్చిండు. తప్పు చేస్తె మరుసటి మ్యాచ్‌కు పక్కన కూసోపెట్టలె, మల్ల ఆడిపిచ్చిండు. ఆకాశ్, లిస్టన్ ఇద్దరు గూడ తర్వాత ఇండియా జట్టుకు ఆడిన్రు. ముందట గోల్స్ కొట్టెటందుకు నైజీరియా ఆటగాడు ఓగ్బెచె ఉండె. కప్పు గెలిచిన సీజన్‌ల ఒక్కడే 18 గోల్స్ కొట్టిండు.

ఇదంత ఒక్క పొద్దుల అయ్యే పని కాదు. నెలల తరబడి రోజు పొద్దున్నే అదే పిల్లలతోని, అదే గ్రౌండ్‌ల, అదే పని చేస్తె అయ్యింది. క్లబ్బు కోచ్‌కు దొరికే అసలు ఆస్తి గిదే. టైమ్.

గని ఈ కథల మనకు నచ్చని రెండు నిజాలున్నయ్. మొదటిది, కరోనా పుణ్యాన ఆ రెండు సీజన్లు మొత్తం గోవాలనే ఆడిన్రు. హైదరాబాద్ పేరు మీద కప్పు గెలిచిన సీజన్‌ల హైదరాబాద్ గడ్డ మీద ఒక్క మ్యాచ్ గూడ లేదు. రెండోది, ఆ ఫైనల్ ఆడినోళ్లల్ల తెలుగు నేల పిలగాడు ఒక్కడు గూడ లేడు. గోవా, మణిపూర్, సిక్కిం, అస్సాం, బెంగాల్, యూపీ పిల్లలున్నరు. మనోళ్లు లేరు. పేరు మనది, పసుపు రంగు జెర్సీ మీద ఊరి పేరు మనది. నేను ఆ పొద్దు కుక్కలు ఉరికెటట్టు అరిసిన గని ఈ ముచ్చట సోయికి రాలె. తర్వాత ఎప్పుడో పేర్ల లిస్టు చూసినంక గుండెల కలుక్కుమన్నది.

ఆయన పోయినంక క్లబ్బు ఏమైంది

2023ల మార్కెజ్ ఎఫ్‌సీ గోవాకు పోయిండు. అప్పటికే హైదరాబాద్ క్లబ్బుల పైసల తిప్పలు బయటపడ్డయ్. ఆటగాళ్లకు జీతాలు టైమ్‌కు అందుతలేవని వార్తలొచ్చినయ్. ఇయ్యవల్సిన బాకీలు ఇయ్యలేదని కొత్త ఆటగాళ్లను తీసుకోకుంట ఫిఫా నిషేధం పెట్టింది. 2023-24 సీజన్ నడుమ సీనియర్లు, విదేశీ ఆటగాళ్లు ఒకలెన్క ఒకలు ఎల్లిపోయిన్రు. మిగిలిన చిన్న పిల్లలతోని ఎట్లనో సీజన్ ఎల్లదీసిన్రు. 22 మ్యాచులల్ల ఒక్కటే గెలుపు. 8 పాయింట్లు. మల్ల ఆఖరి జాగ.

రెండేండ్ల కింద కప్పు ఎత్తిన క్లబ్బు అది! తర్వాత యజమానులు మారిన్రు. 2025ల క్లబ్బునే లేపుకొని ఢిల్లీకి తీస్కపోయిన్రు, పేరు గూడ మార్చిన్రు. ఇప్పుడు ఐఎస్ఎల్‌ల హైదరాబాద్ పేరు లేదు. అంటె మంచి కోచ్ వచ్చి కప్పు గెలిపిచ్చినా, కింద పునాది లేకపోతె అది ఇల్లు కాదు, గుడారం. గాలికి లేసిపోయింది.

గిక్కడ మార్కెజ్‌ను తప్పు పట్టేది ఏం లేదు. కోచ్ పని జట్టును ఆడిపిచ్చుడు. క్లబ్బుకు పైసలు తెచ్చుడు, ఊర్ల పిల్లలకు అకాడమీ పెట్టుడు ఆయన చేతుల లేదు.

ఇండియా టీమ్.. ఎనిమిది మ్యాచులు

2024 జూన్‌ల ఇండియా కోచ్ ఇగోర్ స్టిమాచ్‌ను తీసేసిన్రు. అదే నెలల సునీల్ ఛెత్రి జాతీయ జట్టుకు రిటైర్మెంట్ ఇచ్చిండు. జులై 20 నాడు మార్కెజ్‌ను కోచ్‌గ పెట్టిన్రు. గని ఒక మెలిక ఉండె. ఆయనకు ఎఫ్‌సీ గోవాతోని ఒప్పందం ఉన్నది. గందుకే ఆ సీజన్ అంత క్లబ్బు కోచ్‌గ, దేశం కోచ్‌గ రెండు పనులు ఒక్కడే చేసుడు అని ఫుట్‌బాల్ సమాఖ్యనే ఒప్పుకున్నది.

మొదటి మ్యాచ్ ఎక్కడనో ఎరుకేనా? మన గచ్చిబౌలిలనే. 2024 సెప్టెంబర్ 3, మారిషస్ మీద. ర్యాంకులల్ల మనకంటె మస్తు కింద ఉన్న చిన్న ద్వీపం. 0-0 డ్రా. ఆరు రోజులకు అదే గ్రౌండ్‌ల సిరియా చేతుల 0-3 తోని ఓటమి. అక్టోబర్ల వియత్నాంల 1-1. నవంబర్ 18 నాడు మల్ల గచ్చిబౌలిల మలేషియా తోని 1-1.

ఆ మలేషియా మ్యాచ్‌కు నేను పోయిన. పొద్దుగాల బస్సెక్కి, సిటీల రెండు బస్సులు మారి పోయిన. మన గోల్ కీపర్ గుర్‌ప్రీత్ బంతి కోసం బాక్సు ఇడిసిపెట్టి ముందుకొచ్చిండు, అంచనా తప్పింది, వాళ్లు ఖాళీ గోల్‌లకు తన్నిన్రు. తర్వాత రాహుల్ భేకే హెడ్డర్‌తోని సమానం చేసిండు. దాని తర్వాత చూసినోళ్లకు ఒక్కటే అనిపిచ్చింది. బంతి మన కాళ్ల దగ్గరనే ఉన్నది, గని గోల్ దగ్గరికి పోయేటాలకు ఏం చేయాల్నో ఎవ్వలికి తెలుస్తలేదు. నా పక్కన కూసున్న పెద్దాయన ఉర్దూల కోచ్‌ను తిట్టుడు మొదలువెట్టిండు. నేను గూడ నాలుగు మాటలన్న. అబద్ధమెందుకు.

2025 మార్చిల షిల్లాంగ్‌ల మాల్దీవుల మీద 3-0 గెలుపు. ఆ ఒక్కటే గెలుపు. దాంట్ల గోల్ కొట్టినోళ్లల్ల ఎవ్వలున్నరు? 40 ఏండ్ల ఛెత్రి! గోల్స్ కొట్టెటోడు లేడని, రిటైరైన మనిషిని బతిలాడి మల్ల తెచ్చుకున్నరు. ఆరు రోజులకు ఆసియా కప్ క్వాలిఫయర్స్‌ల బంగ్లాదేశ్ మీద 0-0. ఆ మ్యాచ్ అయినంక మార్కెజ్ కోపాన్ని, బాధను దాసుకోలేదు, అందరి ముంగటనే బయటపెట్టిండు. జూన్ 4 నాడు థాయ్‌లాండ్ చేతుల 0-2. జూన్ 10 నాడు హాంకాంగ్‌ల, మ్యాచ్ టైమ్ అయిపోయినంక కలిపిన నిమిషాలల్ల పెనాల్టీ ఇచ్చి 0-1.

లెక్క తీస్తె ఎనిమిది మ్యాచులు. ఒక గెలుపు, నాలుగు డ్రాలు, మూడు ఓటములు. కొట్టిన గోల్స్ అయిదు, దాంట్ల మూడు మాల్దీవుల మీదనే. జులై 2 నాడు ఆయన, సమాఖ్య ఇద్దరు మాట్లాడుకొని తెగతెంపులు చేసుకున్నరు. అదే నెల ఫిఫా ర్యాంకులల్ల ఇండియా 133కు పడ్డది.

గమ్మత్తు ఏందంటె, ఇదే టైమ్‌ల గదే మనిషి క్లబ్బుల మంచిగ చేస్తుండె. 2024-25ల ఎఫ్‌సీ గోవా లీగ్‌ల రెండో జాగ. 2025 మే 3 నాడు భువనేశ్వర్‌ల జంషెడ్‌పూర్‌ను 3-0 తోని కొట్టి సూపర్ కప్ గెలిచింది. అంటె నెల రోజుల కింద కప్పు గెలిచిన కోచ్ హాంకాంగ్ పోయి ఓడిపోయిండు. నెలల మనిషి తెలివి పోతదా?

ఆయన తప్పెంత, మన తప్పెంత

ఆయన తప్పు అస్సల్ లేదని నేను అంటలేను. రెండు పడవల మీద కాళ్లు పెట్టుడు ఒప్పుకున్నది ఆయన గూడ. జూన్ మ్యాచులకు ముందు క్యాంప్ దొరికింది, గయినా రెండు మ్యాచులల్ల ఒక్క గోల్ రాలె. హాంకాంగ్‌ల ఛెత్రిని బెంచ్ మీద కూసోపెట్టి మొదలువెట్టుడు సరైందా కాదా అని వాదన ఉన్నది. ఇవన్ని కోచ్ ఖాతాలనే పడ్తయ్.

గని ఆయన చేతుల లేనియ్ ఏంటియో గూడ చూడాలె.

ఒకటి, రోజులు. క్లబ్బుల ఆయన పిల్లలను రోజు చూస్తడు. ఆయన టైమ్‌ల జాతీయ జట్టుకు ఏడాదిల అయిదు సార్లు, సార్‌కు పది రోజుల లెక్కన దొరికెటోళ్లు. దాంట్ల ప్రయాణాలు, అలసట తీసేస్తె మిగిలేది ఎంత? మార్కెజ్ ఆట పద్ధతి వెనుకకెల్లి చిన్న చిన్న పాసులతోని కట్టుకుంట వచ్చుడు. గది చూపులతోని వచ్చే పని కాదు, ఒకలు కదిలితె ఇంకొకలు ఏడికి పోవాల్నో ఒంటికి అలవాటు కావాలె. నవంబర్ అయినంక మల్ల మ్యాచ్ మార్చిలనే. నాలుగు నెలలు!

రెండు, గోల్స్ కొట్టెటోళ్లు. ఐఎస్ఎల్‌ల ఒక టైమ్‌ల నలుగురు విదేశీయులు ఆడొచ్చు. మస్తు క్లబ్బులు గోల్ కొట్టే జాగల విదేశీయున్నే పెడ్తయ్. మార్కెజ్ గూడ గదే చేసిండు, హైదరాబాద్‌ల ఓగ్బెచెను పెట్టే గెలిచిండు. ఇండియా జెర్సీ ఏసేటాలకు ఓగ్బెచె ఉండడు గదా. లీగ్‌ల స్ట్రైకర్‌గ ఆడని పిలగాడు దేశానికి వచ్చి గోల్స్ ఎట్ల కొడ్తడు? క్లబ్బు కోచ్‌గ తను చేసిన పనికే దేశం కోచ్‌గ తను దెబ్బ తిన్నడు. ఇది ఆయన ఒక్కని లెక్క కాదు, లీగ్ కట్టిన పద్ధతి గట్లున్నది.

మూడు, నిచ్చెన. ఐఎస్ఎల్‌ల ఆఖరుకు వచ్చినా కిందికి పడుడు లేకుండె. హైదరాబాద్ 8 పాయింట్లతోని ఆఖరుకు వచ్చినా మరుసటేడు గదే లీగ్. మన అజీజ్‌నగర్‌ల గ్రౌండ్ ఉన్న శ్రీనిధి దక్కన్ జట్టు ఐ-లీగ్‌ల వరుసగ రెండు సార్లు రెండో జాగకు వచ్చింది, పైకి పోలేకపోయింది. దాని కింద జిల్లాలల్ల ఏడాది పొడుగూత నడిచే లీగులు ఎన్నున్నయ్? మీ జిల్లాల ఉన్నదా? మా దిక్కు నేనైతె చూడలె.

మూడింటికి మూలం ఒక్కటే. నారు పోయకుంట నాటు ఎట్ల ఏస్తం? జాతీయ కోచ్ అంటె నాటు ఏసే మనిషి. నారు కట్ట చేతికిస్తె వరుసలు మంచిగ ఏస్తడా లేదా అని అడుగొచ్చు. నారుమడే లేనప్పుడు మనిషిని తిట్టి ఏం ఫాయిదా? అత్త మీది కోపం దుత్త మీద చూపిచ్చినట్టు అయితది.

దేశపోన్ని పెట్టినా గదే కథ

‘విదేశీ కోచ్‌లు మన పిల్లలను అర్థం చేసుకోరు, మనోన్ని పెట్టాలె’ అని మస్తుమంది అన్నరు. 2025 ఆగస్టుల ఖాలిద్ జమీల్‌ను పెట్టిన్రు. మంచి కోచ్. ఐజాల్ అసుంటి చిన్న జట్టుకు 2017ల ఐ-లీగ్ కప్పు గెలిపిచ్చిన మనిషి. మొదలు మొదలు ఆశ గూడ పుట్టిచ్చిండు. మధ్య ఆసియా దేశాల కప్పుల ఒమన్‌ను పెనాల్టీలల్ల ఓడగొట్టి మూడో జాగ తెచ్చిండు.

గని అసలు మ్యాచులు అక్టోబర్ల వచ్చినయ్. సింగపూర్‌ల 1-1. అక్టోబర్ 14 నాడు గోవాల సింగపూర్ చేతులనే 1-2 తోని ఓటమి. 2027 ఆసియా కప్ ఆశ అక్కడనే ఆరిపోయింది. అది ఏ గ్రౌండ్ అంటె, ఫతోర్దా. 2022ల మనం కప్పు గెలిచిన గదే గ్రౌండ్. నవంబర్ల ఢాకాల బంగ్లాదేశ్ చేతుల 0-1. 2003 తర్వాత వాళ్ల చేతుల ఓడుడు గదే మొదలు.

ఇటు చూస్తె 2025 జులైల ఐఎస్ఎల్ సీజన్‌నే ఆపి పెట్టిన్రు. లీగ్ నడిపే కంపెనీకి, సమాఖ్యకు మధ్య ఒప్పందం ఒడుస్తున్నది, కొత్తది తేలలేదని నెలల తరబడి ఆటగాళ్లను గాలిల ఏలాడదీసిన్రు. గిసుంటి ఇంట్ల క్రొయేషియా ఆయన వచ్చినా, స్పెయిన్ ఆయన వచ్చినా, మన ముంబై ఆయన వచ్చినా ఏం మారుతది? లాస్ పాల్మాస్‌ల జరిగిందే ఇక్కడ గూడ జరిగింది.

మన దగ్గరనే జవాబు ఉండె

దీనికి జవాబు స్పెయిన్ పోయి తెచ్చుకోవాల్సిన పని లేదు. హైదరాబాద్‌లనే ఉండె. సయ్యద్ అబ్దుల్ రహీం సాబ్. బడి పంతులు. 1950కెల్లి 1963ల చనిపోయే దాంక ఇండియా కోచ్. 1951ల, 1962ల ఏషియన్ గేమ్స్ బంగారం. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌ల నాలుగో జాగ. ఆయన మీద ‘మైదాన్’ అని సినిమా గూడ వచ్చింది.

సినిమాల మనకు ఒక్క మనిషి గొప్పతనం కనబడ్తది. గని ఆయన కింద ఏమున్నది? హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు ఉన్నది. 1950కెల్లి 1954 దాంక వరుసగ అయిదేండ్లు రోవర్స్ కప్ గెలిచిన జట్టది. బడులల్ల, బస్తీలల్ల, కంటోన్మెంట్ గ్రౌండ్లల్ల బంతి తన్నే వందల పిల్లలున్నరు. సికింద్రాబాద్ అమ్ముగూడకెల్లి తులసీదాస్ బలరాం అసుంటి పేదింటి పిలగాడు ఎదిగి ఒలింపిక్స్ ఆడిండంటె, ఊరికనే ఎదగలె. ఆటగాడికి పోలీస్‌ల, రైల్వేల కొలువు దొరికేది, ఇంట్ల పొయ్యి ఎలిగేది. నారుమడి నిండుగ ఉన్నది గనుకనే రహీం సాబ్ నాటు ఏసిండు.

ఇప్పుడు సుత ఆ భూమి సచ్చిపోలె. మార్కెజ్ కొలువు ఇడిసిపెట్టిన మూడు రోజులకే, జులై 5 నాడు, మన ఆడపిల్లల జట్టు థాయ్‌లాండ్‌ల థాయ్‌లాండ్‌నే 2-1 తోని ఓడగొట్టి ఆసియా కప్‌కు అర్హత సాధించింది. మగోళ్లు ఓడిన థాయ్‌లాండ్ మీదనే! ఆ క్వాలిఫయర్స్ జట్టుల మన గుగులోతు సౌమ్య ఉన్నది. నిజామాబాద్ జిల్లా తండా బిడ్డ. క్రొయేషియాల డైనమో జాగ్రెబ్ క్లబ్బు దాంక పోయొచ్చింది. తండాకెల్లి ఒక్క సౌమ్య వచ్చిందంటె, బంతి, గ్రౌండ్, చెప్పెటోళ్లు దొరకక ఆగిపోయిన సౌమ్యలు ఎంతమందో!

2024ల నాలుగు నెలలల్ల గచ్చిబౌలిల అంతర్జాతీయ మ్యాచులైనయ్, డిసెంబర్ 31 నాడు సంతోష్ ట్రోఫీ ఫైనల్ అయింది. బెంగాల్, కేరళ ఆడినయ్, బెంగాల్ గెలిచింది. పందిరి మనది, పెండ్లి పక్కింటోళ్లది. పందిరి ఏసుడు మంచిదే. గని మన ఇంట్ల పెండ్లి ఎప్పుడు?

ఇగ మనం ఏం అడగాలె

మా ఊర్ల క్రీడా ప్రాంగణం బోర్డు ఉన్నది. బోర్డు కింద సర్కారు తుమ్మ చెట్లున్నయ్. గోల్ పోస్ట్ లేదు. నేను సదివిన బడిల పీఈటీ సార్ పోస్టు నా అయిదేండ్ల సదువుల ఖాళీగనే ఉండె. ఆటల పీరియడ్ అంటె లెక్కల సార్ వచ్చి లెక్కలే చెప్పెటోడు. మీ ఊర్ల గూడ ఇంచుమించు గిట్లనే ఉంటది కావొచ్చు.

మొన్న డిసెంబర్ల పంచాయతీ ఎన్నికలు అయినయ్. కొత్త సర్పంచులు వచ్చిన్రు. టోర్నమెంట్ పెట్టి కప్పు ఇచ్చి ఫోటో దిగుడు అందరు చేస్తరు. మనం అడగాల్సింది గది కాదు. ఆ తుమ్మలు కొట్టిపిచ్చి, రెండు గోల్ పోస్టులు పాతిపిచ్చమని అడగాలె. బడిల పీఈటీ పోస్టు నింపమని అడగాలె. సంక్రాంతికి మూడు రోజుల టోర్నీ కాదు, జిల్లాల ఏడాదిల ఆరు నెలలు వారం వారం నడిచే లీగ్ పెట్టమని ఎమ్మెల్యేను అడగాలె. ఓడితె కిందికి, గెలిస్తె పైకి పోయే లీగ్. స్పెయిన్‌ల ఆటగాడిగ పేరు రాని మార్కెజ్‌ను పై దాంక ఎక్కిచ్చింది గదే నిచ్చెన.

మార్కెజ్ ముచ్చట నాకు రెండు నేర్పింది. ఒకటి, పెద్ద ఆటగాడివి కాకున్నా, ఏండ్ల తరబడి కింది మెట్ల మీద ఓపికతోని పనిచేస్తె మనిషి ఎదుగుతడు. ఆట ఆగిపోయిన మన ఊరి అన్నలు కోచింగ్ దిక్కు చూడొచ్చు, రెఫరీ పని నేర్సుకోవచ్చు. రెండు, ఎంత మంచి మనిషైనా కింద నేల లేకపోతె నిలబడలేడు.

ఆ పొద్దు అరుగు మీద నాతోని మ్యాచ్ చూసిన దోస్తు, 1-0 కాంగనే లేసిపోయినోడు, ఇప్పుడు మా ఊరి చిన్న పోరగాళ్లకు సాయంత్రం పూట బంతి తన్నుడు నేర్పుతున్నడు. పదకొండు మంది పిల్లలు, ఒక్క బంతి, గోల్ పోస్టులకు రెండు ఇటుక పెల్లలు. మొన్న నేను పోతె వాని మొదటి మాట, ‘అన్నా, ఆ తుమ్మలు కొట్టిపిచ్చే ముచ్చట సర్పంచ్‌తోని మాట్లాడినవా?’

ఇంకా మాట్లాడలె. ఈ ఆదివారం పోతున్న. మీరు గూడ మీ ఊర్ల పోన్రి.